‘కానీ’ దాకా రానివ్వలేదు

4వ తేదీ, సోమవారం

వంతెన దగ్గర బోర్డు పాతారు. “ఈ మార్గము త్వరలో బాగుచేయబడును.”

ఎవరిచేత? కర్త లేడు. జీవితమంతా ప్రెస్సులో అచ్చులు పేర్చినవాణ్ణి, తలకిందులుగా చదవడం వచ్చాకే తిన్నగా చదవడం నేర్చుకున్నవాణ్ణి, ఒక సంగతి నాకు బాగా తెలుసు. తప్పుడు పని తలపెట్టినవాడు వాక్యంలోంచి ముందు తన పేరు తీసేస్తాడు. దొంగ దీపం ఆర్పి మరీ లోపలికి వచ్చినట్టు.

అయినా ఆ బాటకి వచ్చిన రోగమేమిటి, బాగుచేయడానికి? వంతెన దగ్గర మొదలై నది పక్కనే వెళ్తుంది, ద్రాక్షతోటల మధ్య మిట్టెక్కుతుంది, పాత రేవు మలుపు దగ్గర మళ్ళీ నీళ్ళ ఒడ్డుకి దిగుతుంది. అంతా కంకర. బావా నేనూ పొద్దున్నే దాని మీద సైకిళ్ళు తొక్కుతుంటే, అది అప్పడాల బుట్టలో నడుస్తున్నట్టు కరకరమంటుంది. ఇప్పుడు పట్నం నుంచి హెల్మెట్లు పెట్టుకుని వచ్చేవాళ్ళు దీన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. మేము ఇన్నాళ్ళూ చేసింది గ్రావెల్ సైక్లింగని మాకు తెలియదు. కాళ్ళు పట్టేస్తున్నాయని తెలుసు, అంతే. వాళ్ళలో ఒకాయన తన సైకిల్ ఇచ్చి ఎత్తి చూడమన్నాడు. చిటికెన వేలికి లేచింది. బావ దాన్ని తడిమి చూసి, “బావుంది, పెద్ద సైకిల్ ఎప్పుడు కొంటారు?” అని అడిగాడు.

ఆ బాటకి తారు వేస్తారట. ద్రాక్షరైతుల సంఘం నిర్ణయమట. సంఘం అధ్యక్షుణ్ణి నేను రిబ్బన్‌గారు అంటాను. జేబులో కత్తెర లేకుండా ఆయన బయటికి రాడు.

నా కోపం బాట కోసం. కేవలం బాట కోసం.

5వ తేదీ, మంగళవారం

బావతో చెప్పాను. “ఊఁ” అన్నాడు. అంతే.

6వ తేదీ, బుధవారం

ఆ “ఊఁ” గురించి నిన్న రాయాల్సింది, ఒళ్ళు మండి రాయలేదు.

కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు ఉండాలి. బావది ఊ కొట్టడం కాదు, తలుపు మూయడం. మా అక్కయ్యని పెళ్ళి చేసుకున్న దగ్గర్నుంచీ ఆయనకీ నాకూ ఒకటే తగువు. ఆయన ద్రాక్షతీగలు కత్తిరించే పనిలో పుట్టి పెరిగిన మనిషి. వరసలో ఒక్కడే నిలబడి, ఏ కొమ్మ ఉంచాలో ఏది తీసేయాలో చూసుకుంటూ, పొద్దుగూకేదాకా నోరు విప్పకుండా పనిచేసినవాడు. నా వాక్యాలు వింటున్నప్పుడు కూడా కత్తెర కోసం వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. అందుకే ఆయన పెట్టిన నిబంధన: సైకిలెక్కాక మాట్లాడకూడదు. ఈ డైరీ పుట్టిందే ఆ నిబంధన వల్ల. అక్కడ మింగినవన్నీ ఇక్కడ కక్కుతున్నాను.

ఇదివరకు ఆ నిబంధన నా వాగుడు భరించలేక. ఇప్పుడు కారణం వేరు. రాయకూడదు. రాస్తాను.

బావకి చూపు మధ్యలో పోయింది. అంచులు మిగిలాయి. కుడి పక్క తోట వరసలూ ఎడమ పక్క నీళ్ళూ వెనక్కి పరిగెత్తడం తెలుస్తుందట. ఎదుట మాత్రం ఏమీ లేదట. ఫ్రేములోంచి నడిమి అచ్చులు జారిపోతే కాయితం మీద మిగిలే తెల్ల ఖాళీ లాంటిదని నేను అర్థం చేసుకున్నాను. మచ్చ పెరుగుతుందనీ, తగ్గేది కాదనీ కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకొక్కడికే తెలుసు. అక్కయ్యకి చెప్పకూడదని వంతెన కింద ఒట్టు పెట్టించుకున్నాడు. చెబితే ఆ రోజే సైకిల్ అటకెక్కుతుంది. తీగల పని ఎలాగూ మానేశాడు. పేపరు పోయింది, పేకాట పోయింది. మిగిలింది పొద్దుటి సైకిలొకటే.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఈ గింజ నానుతూనే ఉంది.

మరి తొక్కడమెలా అంటే, చెవితో. నేను ముందు, ఆయన వెనక. నా టైరు కింద కంకర చప్పుడు పట్టుకుని వస్తాడు. నేను ఎడమకి వంగితే కంకర ఎడమకి కదిలిన చప్పుడు, నేను ఆగబోతుంటే చప్పుడు పలచబడటం. రేవు మలుపులో కూడా నా చక్రం వెళ్ళిన గీత మీదే వస్తాడు.

తారు మీద టైరు చప్పుడు చేయదు.

నా కోపం బాట కోసమని సోమవారం రాశాను. కొట్టివేయడం లేదు. బాట కోసం కూడా.

9వ తేదీ, శనివారం

సంఘం సమావేశం మంగళవారం. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చట. మాట్లాడతాను. ఈ ఊళ్ళో మాట్లాడటం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే అది నేనే.

బావ కళ్ళ సంగతి ఎత్తకుండా తారు వద్దనాలి. అంటే బాటనే పొగడాలి. దాని చరిత్ర చెప్పాలి. అది విన్నాక కూడా తారు పోసేవాడికి గుండె లేదని హాల్లో అందరికీ అర్థమైపోవాలి. ముందు మెచ్చుకోలు, తరవాత “కానీ” అని ఒక్క మాట, ఆ వెనకే అసలు దెబ్బ. మంచి వాక్యం ఎప్పుడూ అలాగే ఉంటుంది. తోక ఊపుతూ దగ్గరికి వచ్చి కరుస్తుంది.

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, అద్దానికి పాపం వెళ్ళే దారి లేదు అంది.

12వ తేదీ, మంగళవారం

రాస్తుంటే రెండుసార్లు కాయితం చిరిగింది. వయసు వల్ల కాదు.

హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు. మైకు ప్రతి మాటకీ ముందు ఒకసారి దగ్గుతుంది. రైతులు మాట్లాడారు: కార్లు వెళ్తుంటే దుమ్ము లేచి ఆకుల మీద కూర్చుంటోందని, ద్రాక్ష రుచి చూడటానికి వచ్చేవాళ్ళు బట్టలు దులుపుకుని తిట్టిపోతున్నారని. నా వంతు వచ్చింది.

కంకర మొదట ఎక్కడిదో చెప్పాను. రేవుకి ఖాళీగా వచ్చే పడవలు ఒరిగిపోకుండా అడుగున బరువుకి వేసుకొచ్చిన రాళ్ళవి. సరుకెక్కించేటప్పుడు ఒడ్డున పారేసేవాళ్ళు. అదే బాటయింది. అక్కణ్ణుంచి పడవలవాళ్ళ మాట వచ్చింది, వాళ్ళలో మా ప్రెస్సుకి కాయితం తెచ్చిన ఒంటికన్ను పడవవాడి మాట వచ్చింది, వాడు కాయితం తడిపి తెస్తే మా యజమాని దండెం మీద ఆరేసి అచ్చేయించిన మాట వచ్చింది. జనం నవ్వారు. నాకు ఊపొచ్చింది. మళ్ళీ బాట మీదకి వచ్చాను. సభామర్యాద కోసం, “ఇంతటి బాట గురించి సంఘం ఇంత శ్రద్ధ చూపడం ఎంతో సంతోషించదగ్గ విషయం” అన్నాను.

తరవాతి మాట “కానీ”.

దానికి ముందు ఊపిరి తీసుకున్నాను. ఒక్క ఊపిరి. పెద్ద మాటకి ముందు ఎవడైనా తీసుకుంటాడు.

రిబ్బన్‌గారు చప్పట్లు కొట్టేశాడు. ఆయన కొడితే హాలంతా కొట్టింది. నేను నోరు తెరిచాను, మైకు దగ్గింది, ఆ దగ్గులో నా “కానీ” కలిసిపోయింది. టీ వచ్చింది. టీ వచ్చిన సభలో ఇక ఏ మాటా బతకదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ, బాటని ఇంతగా ప్రేమించే పెద్దమనిషి మన పక్షాన ఉండటం అదృష్టమన్నాడు. కొత్త రోడ్డు మీద మొట్టమొదట సైకిల్ తొక్కేది నేనేనట. నాకొక బిరుదు కూడా. మార్గదర్శి.

వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, ముందు “కానీ” అనేసి, తరవాత సంతోషించి ఉండకూడదా అంది.

13వ తేదీ, బుధవారం

బావకి వార్త నాకంటే ముందే చేరింది. భుజాలు కదిలేలా చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

“అరగంట సేపు మాట్లాడి అవతలివాణ్ణి గెలిపించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానురా బామ్మర్దీ.”

నీకోసమే కదా వెళ్ళింది అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నవ్వు ఆగింది. దుమ్ము ఆకుకి మంచిది కాదురా, వాళ్ళు చెప్పేదీ నిజమే అన్నాడు. అదిగో, అది ఇంకా మండింది. ఈయన కోసం నేను లోకం మీద విరుచుకుపడుతుంటే ఈయన లోకం తరఫున మాట్లాడతాడు. కొన్నాళ్ళు నాతో మాట్లాడొద్దని చెప్పి వచ్చేశాను. మాట్లాడనివాడికి అదేం శిక్షో ఇంటికొచ్చాక తోచింది.

18వ తేదీ, సోమవారం

రోలర్ వచ్చింది.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నడిపేవాడు పొట్టిగా, మెడకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఇంజను ఆపి, సీటు మీదే మఠం వేసుకుని నేను చెప్పేదంతా విన్నాడు. పడవల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఒంటికన్ను పడవవాడి దగ్గర నవ్వాడు కూడా. “కానీ” దగ్గరికి వస్తుండగా, “అయిపోయిందా పెద్దాయనా? తారు చల్లారిపోతోంది” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఈ మధ్య అందరూ నన్ను మర్యాదతో చంపుతున్నారు.

పక్కకి తప్పుకున్నాను. కంకర ఒక్కసారి కరకరమని, తరవాత మెత్తగా మూలిగి, ఊరుకుంది.

కొంచెం ఏరి జేబులో వేసుకొచ్చాను. మా ఆవిడ బట్టలుతికేటప్పుడు తిట్టింది.

22వ తేదీ, శుక్రవారం

ఆదివారం ప్రారంభోత్సవం. జనంలో తొక్కేముందు ఒకసారి చూసుకుందామని బావే అన్నాడు. పొద్దున్నే వెళ్ళాం.

కొత్త రోడ్డు అద్దంలా ఉంది. నిజం చెప్పాలంటే చక్రం దానంతట అదే పోతోంది, మిట్ట ఎక్కుతున్నట్టే లేదు. అదే నాకు అసహ్యం. వెనక్కి తిరిగి చూడలేను, తిరిగితే సైకిల్ వంకర పోతుంది. బావ ఉన్నాడో లేడో తెలియదు. గంట కొట్టాను. ఆయన గంట కొట్టాడు. కానీ గంట మోగినప్పుడే ఉంటుంది, మిగతా సేపంతా ఉండదు. మలుపు మధ్యలో గంట కొడుతూ హాండిల్ తిప్పడం నాకు చేతకాలేదు.

రేవు మలుపు తిరిగాక వెనక తీగలు విరిగిన చప్పుడైంది.

బావ వరసలో పడి ఉన్నాడు. సైకిల్ ఆయన మీద. ఒక మోకాలు చీరుకుపోయింది. లేవడానికి చెయ్యిస్తే పట్టుకోలేదు, ముందు విరిగిన కొమ్మని తడిమి, ఇది ఈ ఏడు కాపు కొమ్మ అన్నాడు. తరవాత,

“నీ టైరు వినపడలేదురా.”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరిదో అనిపించింది.

సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. దారిలో, ఇంక చాలు అన్నాడు. ఆదివారం నువ్వొక్కడివే తొక్కు, నాది గోడకి తగిలించేస్తాను, ఒంట్లో బాగాలేదని చెబుదాం. నేను తారుని తిట్టాను, సంఘాన్ని తిట్టాను, రోలర్ వాణ్ణి తిట్టాను, తారు కనిపెట్టినవాడి ఏడు తరాలనీ తిట్టాను. ఆయన అడ్డం చెప్పలేదు, నా వెనకే నడుస్తూ వింటూనే ఉన్నాడు.

ఇంటి దగ్గర అక్కయ్య మోకాలు చూసింది. కుక్క అడ్డొచ్చిందన్నాం. ఏ రంగు కుక్క అంది. నేను నల్లది అన్న క్షణంలోనే బావ తెల్లది అన్నాడు.

“మచ్చల కుక్కన్న మాట,” అంది అక్కయ్య. దూది తేవడానికి లోపలికి వెళ్ళింది.

23వ తేదీ, శనివారం

రేపు వెళ్ళను. వాళ్ళ మార్గదర్శి వాళ్ళనే వెతుక్కోమను.

24వ తేదీ, ఆదివారం

అన్నీ వరసగా రాస్తాను. ఒక్కటి కూడా తప్పకూడదు.

పొద్దున్నే అక్కయ్య వచ్చింది. నేను పక్క మీదే గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ వాకిట్లో, “వదినా, మీ తమ్ముడు ఊరి మీద అలిగాడు, ఊరికి తెలిసినట్టు లేదు” అని చెబుతోంది. అక్కయ్య లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. మీ బావ సైకిల్ తుడిచి పెట్టాను, చొక్కా తీసిపెట్టాను, బయల్దేరదీశాను, లే అంది.

ఒంట్లో బాగాలేదేమో అన్నాను.

అక్కయ్య నా వైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడు బెల్లం డబ్బా దగ్గర పట్టుకున్నప్పటి చూపు.

“కాఫీ పోసుకునేటప్పుడు గ్లాసు దగ్గర చెవి పెడతాడురా మీ బావ. నిండే చప్పుడు విని ఆపుతాడు. ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను. చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. ఆయనా చెప్పడు, నువ్వూ చెప్పవు. నువ్వు కూడా దాచగలవని మొన్ననే తెలిసింది నాకు.”

అక్కయ్య లేచి, నా చొక్కా అందిస్తూ ఇంకొకటి అంది.

“పుట్టినప్పట్నుంచి నోరు మూసుకోరా అని మొత్తుకున్నాను కదా. ఇవాళ మూయకు.”

మొదట తిట్టిందనుకున్నాను. వంతెన దగ్గరికి వెళ్ళే దారిలో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయాను. శుక్రవారం సైకిళ్ళు నడిపిస్తూ వచ్చాం కదా. అంత దూరం బావ నా భుజం పట్టుకోలేదు, రాయి తగిలి తూలలేదు, నా వెనక ఒక్క అడుగు తప్పలేదు. నేను తిడుతున్నంత సేపూ.

వంతెన దగ్గర రిబ్బన్ కట్టారు. జనం ఒక పక్క, హెల్మెట్ల వాళ్ళు ఒక పక్క. నా ఛాతీ మీద మార్గదర్శి అని రాసిన అట్టముక్క గుచ్చారు. ‘ర్గ’ కింద వత్తు లేచిపోయి ఉంది. ఇలాంటి అచ్చు మా యజమాని చూస్తే చొక్కా చేతులు మడిచేవాడు. బావ సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు, మోకాలికి కట్టు. నన్ను దగ్గరికి రమ్మని, మీ అక్క బలవంతం చేసింది, నేను నాలుగడుగులు తొక్కి దిగిపోతాను, నువ్వు పో అన్నాడు. నేను మీ ఆవిడ చెప్పినట్టే చేస్తాను, నువ్వూ అంతే చెయ్యి అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనకి నేనిచ్చిన అతి పొట్టి జవాబు ఇదే.

కత్తెర పడింది. పెడలు మీద కాలేశాను.

ఇక్కడే జరిగింది చూడండి విచిత్రం. మాట రాలేదు. తలుపు కొయ్యతోనైనా గంట మాట్లాడగలవాడు అని పేరున్న నాకు, కావలసిన చోట ఒక్క అక్షరం లేదు. అచ్చుల పెట్టె మొత్తం ఖాళీ. వెనక నిశ్శబ్దం. చక్రం నున్నగా పోతోంది. ముందు మొదటి మలుపు వస్తోంది. ఏదో ఒకటి అనాలి, ఏది ముందు అనాలి?

“కానీ,” అన్నాను.

గట్టిగా అన్నాను. మైకు దగ్గర మిగిలిపోయిన మాట అది. అది బయటికి రాగానే దాని వెనక క్యూలో నిలబడ్డవన్నీ తోసుకుంటూ వచ్చాయి. కానీ అధ్యక్షులవారూ, శ్రద్ధ వేరు, తారు వేరు. కానీ దుమ్ముకి మందంటే నీళ్ళు చల్లడం, చర్మం ఒలవడం కాదు. రండి, ఇది ఎడమ మలుపు, ఎడమకే వంగుతున్నాను, ఈ ఎడమ పక్కనే కదా పడవ రాళ్ళు మొదట పోసింది, ఆ రాళ్ళకి మీరు చేసిన మర్యాద ఇదీ. మిట్ట మొదలైంది, కాలు నొక్కాలి. తారు వేశాక మిట్ట తగ్గిందనేవాళ్ళు నా మోకాళ్ళని అడగండి.

జనం అరుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియదు. నా చెవులు వెనకే ఉన్నాయి. ఊపిరి కోసం ఆగాను. ఒక్క ఊపిరి. ఆ ఊపిరిలో వెనక నుంచి వినిపించింది.

“ఊఁ.”

తలుపు మూసే ఊఁ కాదు.

ఇక చూసుకోండి. మిట్ట మీద సంఘాన్ని కడిగాను, దిగుడులో బోర్డు వ్యాకరణాన్ని. ప్రతి వాక్యం చివరా “ఊఁ”. నేను పక్కకి వంగితే పక్కకి వచ్చింది, నెమ్మదిస్తే దగ్గరగా వచ్చింది. రేవు మలుపు దగ్గర గొంతు పెంచాను. ఎడమకి, ఎడమకి, ఇంకా ఎడమకి, శుక్రవారం నువ్వు విరిచిన కొమ్మ ఇదిగో కుడి పక్క, రైతు ఇంకా చూసుకోలేదు, చూస్తే నన్నే అంటాడు, మార్గదర్శిని కదా. తీగలు విరిగిన చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను.

“పడవవాడి రెండో కన్ను ఏమైంది?” అన్నాడు బావ. నా వెనకే ఉన్నాడు. “ఎప్పుడూ చెప్పలేదు.”

ఎప్పుడు చెప్పనిచ్చావు అన్నాను.

25వ తేదీ, సోమవారం

గొంతు పోయింది. మా ఆవిడ ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందోనని కిటికీలన్నీ తీసి పెట్టింది. తారు మీద నా అభిప్రాయం వెంట్రుకవాసి మారలేదు. రిబ్బన్‌గారు నిన్న నా ఉపన్యాసం విని, ఎంత చక్కగా వర్ణించారండీ రోడ్డుని అన్నాడు. ఆయన గురించి రాయవలసింది చాలా ఉంది.

తరవాత రాస్తాను. బావ గేటు దగ్గర గంట కొడుతున్నాడు. పడవవాడి కన్ను ఇంకా తేలలేదు. వేడినీళ్ళు తాగి వెళ్తున్నాను.